తాళాల గుత్తి

జైలు గురించి మనకున్న సాహిత్యంలో ఎక్కువ భాగం రాజకీయ ఖైదీలు రాసిందే. అందులో సూపరింటెండెంటు ఉంటాడు, జైలరు ఉంటాడు, లాఠీ ఉంటుంది. నెలజీతానికి పనిచేసే వార్డరు, అందులోనూ ఆడవార్డరు, తలుపు తాళం తీసి పక్కకి తప్పుకుంటుంది. ఆ తర్వాత ఆమె ఊసు ఉండదు. 2008 నుంచి రెండేళ్ళపాటు శనివారం శనివారం ఒక జైలు మహిళా విభాగానికి అక్షరాలు నేర్పడానికి వెళ్ళిన నాకు మాత్రం ఎక్కువగా గుర్తుండిపోయింది ఆవిడే.

పాతికమంది ఆడవాళ్ళు, ఒక వేపచెట్టు, ఒక కుళాయి, చుట్టూ గోడ. మగ అధికారి ఎవరు లోపలికి రావాలన్నా వార్డరమ్మ వెంట ఉండాల్సిందే. రాత్రి డ్యూటీ పడితే ఆవిడా ఆ గోడల మధ్యే. ఆవిడ కూతురికి టెన్త్‌లో లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, అత్తగారికి షుగరు ఎంతుందో ఖైదీలందరికీ తెలుసు. వాళ్ళ కేసులేమిటో, వాయిదా ఎప్పుడో, ములాఖత్‌కి ఎవరొస్తారో, ఎవరు రావడం మానేశారో ఆవిడకి తెలుసు. పైకి చూస్తే ఒక వీధిలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళలాగే ఉండేది. కానీ కూతురి మార్కులు ఆవిడ చెప్పాలనుకుని చెప్పింది. వీళ్ళ సంగతులు ఆవిడకి తెలిసింది వీళ్ళు చెప్పాలనుకోవడం వల్ల కాదు.

నా దగ్గర చదువుకున్న ఒకామె ఏడు నెలలకి కొడుక్కి సొంతంగా ఉత్తరం రాసింది. జైలు నుంచి వెళ్ళే ప్రతి ఉత్తరం సిబ్బంది చదవాలి కదా. వార్డరమ్మ చదివి, "ఏంటే, జొరం అని రాశావ్? వాడు స్కూలుకెళ్ళే పిల్లాడు, నవ్వడూ?" అని, నా పెన్ను తీసుకుని 'జ్వరం' అని దిద్దింది. అందరూ నవ్వారు, రాసినామె కూడా నవ్వింది. ఆవిడ ప్రేమగానే దిద్దింది, అందులో నాకేం అనుమానం లేదు. అయితే అదే ఉత్తరం చివర 'ఇక్కడ అందరూ నన్ను బాగా చూసుకుంటున్నారు' అని ఒక వాక్యం ఉంది. ఎవరూ చెప్పి రాయించింది కాదది. ముందుగా చదివేదెవరో తెలిసిన మనిషి తనంతట తానే రాసుకున్న వాక్యం.

ఇంగ్లీషువాళ్ళు 1894లో చేసిన జైళ్ళ చట్టం తొమ్మిదో సెక్షను, జైలు ఉద్యోగులెవరూ ఖైదీలతో డబ్బు లావాదేవీలు, వ్యాపారం పెట్టుకోకూడదంటుంది. కాపలావాళ్ళకీ ఖైదీలకీ మధ్య బేరాలు నడుస్తాయని ఆ చట్టానికి తెలుసు. దయ కూడా బేరమవుతుందని తెలిసినట్టు లేదు. స్నానానికి పది నిమిషాలు ఎక్కువివ్వడం, ములాఖత్‌లో అటు తిరిగి నిలబడడం, బిడ్డకి జ్వరమొస్తే డాక్టరుకి వెంటనే కబురు పెట్టడం. చివరిది ఆ బిడ్డకి హక్కు. తల్లితో పాటు జైల్లో ఉండే ఆరేళ్ళలోపు పిల్లల వైద్యం, తిండి, చదువు గురించి సుప్రీంకోర్టు 2006లో, మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రతివాదిగా ఉన్న కేసులో, వివరంగా ఆదేశాలిచ్చింది. లోపల మాత్రం అది వార్డరమ్మ చేసిన ఉపకారం. దానికి బదులుగా ఆవిడ కాళ్ళు పట్టేవాళ్ళు, తల దువ్వేవాళ్ళు. వద్దని ఆవిడ ఎప్పుడైనా అన్నదేమో, నేనైతే వినలేదు.

ఆడఖైదీలకి ఆడవాళ్ళే కాపలా ఉండాలని మనం గట్టిగా అడిగినవాళ్ళం. మహిళా ఖైదీల గురించి జస్టిస్ కృష్ణయ్యర్ అధ్యక్షతన వేసిన కమిటీ కూడా 1987 నివేదికలో పోలీసు శాఖలో స్త్రీలు పెరగాలంది. మగ కాపలా చేతుల్లో ఏం జరుగుతుందో తెలిసే అడిగాం. ఇప్పటికీ అడగాల్సిందే. అంతటితో సరిపోతుందా అన్నదే నా గొడవ.

2017 జూన్‌లో ముంబయి బైకుల్లా మహిళా జైల్లో ఒక ఖైదీ చనిపోయింది. లెక్కలో రెండు గుడ్లు, ఐదు పావ్‌లు తగ్గాయన్న గొడవ మీద సిబ్బంది ఆమెని కొట్టారని తోటి ఖైదీ ఫిర్యాదు చేసింది. అరెస్టయిన ఆరుగురు ఉద్యోగులూ ఆడవాళ్ళే. దెబ్బలు చూసి తిరగబడిన ఆడఖైదీల మీద అల్లర్ల కేసు పడింది. ఆ వార్త చదువుతూ నేను ఆగిపోయింది ఇంకోచోట. చనిపోయినామె మంచి నడవడికకి గుర్తింపుగా వార్డరు పని అప్పగించిన ఖైదీ. గుడ్లు లెక్కపెట్టి పంచే బాధ్యత అలా వచ్చిందే. 1894 చట్టం ఇరవైమూడో సెక్షను ఇలా నియమించిన ఖైదీలని ప్రభుత్వ సేవకులంటుంది. రెండు గుడ్లు తగ్గినప్పుడు ఆ హోదా ఆమెకేం పనికొచ్చింది?

మా దగ్గరా అలాంటి ఆవిడ ఉండేది. యావజ్జీవ శిక్ష. అందరూ పెద్దమ్మా అనేవాళ్ళు. కుళాయి దగ్గర వరుస పెట్టేదీ, కూర వడ్డించేదీ, రాత్రి ఎవరు ఏడ్చారో పొద్దున్నే వార్డరమ్మకి చెప్పేదీ ఆవిడే. మన ఇళ్ళలో బొడ్లో తాళాల గుత్తి దోపుకున్న అత్తగార్లని చూసినవాళ్ళకి ఈవిడ కొత్త కాదు. గుత్తిలో బీరువా తాళం ఉంటుంది, ఆ ఇల్లు మాత్రం ఆవిడ పేరున ఉండదు. పాకీపని ఎవరికి పడాలో పెద్దమ్మ పేర్లు చదివితే, ఆ పేర్లు ఎప్పుడూ ఒకే రెండు కులాలవి. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పిచ్చింది, జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో. నేను వెళ్ళే రోజుల్లో ఆ పంపకాన్ని వార్డరమ్మ తప్పనుకోలేదు, పెద్దమ్మా అనుకోలేదు.

వార్డరమ్మ దుర్మార్గురాలని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. పన్నెండు గంటల డ్యూటీలో వాచిన కాళ్ళు నేను చూశాను. మంచి వార్డరమ్మ పడాలని ఖైదీలు దేవుడికి మొక్కుకోవాల్సి రావడం దగ్గరే నాకు పేచీ.

తీహార్ జైల్లో ఒక ఖైదీని డబ్బు కోసం వార్డరు హింసించాడని, ఉరిశిక్ష పడ్డ సునీల్ బాత్రా సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాశాడు. దాన్నే పిటిషనుగా తీసుకుని 1979 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో కోర్టు జైళ్ళలో ఫిర్యాదు పెట్టెలు పెట్టమంది, జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి అజమాయిషీలో. మా విభాగంలోనూ ఒకటుండేది, ఆకుపచ్చ రంగుది. అది మేకుకి వేలాడేది సరిగ్గా వార్డరమ్మ కుర్చీ వెనక గోడకి.

నా ఆఖరి నెలలో ఒక శనివారం, ఉత్తరం రాసినామే, 'ఫిర్యాదు' అన్న మాట ఎలా రాయాలని అడిగింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. వార్డరమ్మ కుర్చీలోంచి తలెత్తి చూసింది. పాతికమందీ పలకల మీద ఎక్కించుకున్నారు, పెద్దమ్మతో సహా. గంట కొట్టేదాకా అదే మాట దిద్దించాను.