లాయరు ఎవరి మనిషి?

భర్త ఒప్పుకోకపోతే, ఆయన తప్పు రుజువు చేస్తేగాని న్యూయార్క్ రాష్ట్రంలో భార్యకు విడాకులు దొరికేవి కావు. 2010 అక్టోబరు దాకా అంతే. 2007లో నాది డిపెండెంట్ వీసా, చేతిలో డాలరు లేదు. క్రూరత్వానికి సాక్ష్యం తెమ్మన్నారు. ఏడాదిన్నర నాతో మాట్లాడని మనిషి మౌనానికి సాక్షిని ఎక్కణ్ణించి తేను?

తప్పు చూపనక్కర్లేని విడాకులను వ్యతిరేకించినవాళ్లలో స్త్రీవాద సంస్థ ‘నౌ’ న్యూయార్క్ శాఖ కూడా ఉంది. ‘ఒప్పుకోను’ అనగలగడమే డబ్బులేని భార్యకున్న బలమని వాళ్ల వాదన. కొట్టిపారేయలేం. కానీ ఆ ‘ఒప్పుకోను’ మా ఇంట్లో అన్నది ఆయన.

నాకు ముఖ్యమనిపించింది ఆ చట్టంతోపాటే వచ్చిన మరో మార్పు. సంపాదన తక్కువున్నవారి లాయరు ఖర్చు రెండోవారే పెట్టుకోవాలన్నది సాధారణ నియమమైంది. నాకు దొరికిన లాయరు మా ఆయన బాబాయి కుదిర్చినవాడు!

ఇదే రాష్ట్రం డబ్బిచ్చే సరోగసీని 1992లో నిషేధించింది. 2019లో ఆ నిషేధం ఎత్తెయ్యబోతే గ్లోరియా స్టైనెమ్ అడ్డుచెప్పింది, బిల్లు ఆగింది. 2020లో నెగ్గి, 2021 ఫిబ్రవరి 15న అమల్లోకొచ్చింది. గర్భం ఉంచుకోవడం, తీయించుకోవడం మోసే స్త్రీ ఇష్టమే. లాయరును ఆమే ఎంచుకోవాలి, ఫీజు బిడ్డను కోరినవాళ్లు కట్టాలి. (‘అద్దె గర్భం’ అనే మాట నాకు గిట్టదు, గది కాదు కదా!)

కాగితం మీద బాగుంది. ఆ లాయరు పేరు ఆమె చెవిన వేసేది ఏజెన్సీయేనా అన్నదే నా అనుమానం.