తాతయ్య గ్లవ్స్

అటక మీంచి దించిన తాతయ్య బాక్సింగ్ గ్లవ్స్‌ని ముందు వాసన చూశాను. తోలు, పాత చెమట, కలరా ఉండలు. కుట్టు విడిన చోట గుర్రపు వెంట్రుకలు. ఇప్పటివాటిలో ఎక్కువగా ఫోమే. వీటికి వెల్క్రో లేదు, లేసులే. లోపలి గుడ్డపట్టీ మీద సగం చెరిగిన పేరు: సియాల్‌కోట్. 1947లో ఆ ఊరు పాకిస్తాన్‌కి పోయాక, అక్కడ ఆటసామాన్లు చేసే హిందూ పనివాళ్లు చాలామంది జలంధర్, మీరట్ చేరారు. కాబట్టి ఇవి బహుశా విభజనకు ముందువి.

వీటిని చూపిస్తే పాతసామాన్ల వ్యాపారి పెదవి విరిచాడు. పేరున్న బాక్సర్ తొడుక్కున్న ఫొటో ఉంటే ధర వేరట! మా దగ్గరున్న సాక్ష్యం నానమ్మ ఫిర్యాదొక్కటే: "మీ తాతయ్య ఆదివారం ఆదివారం మూతి వాచి వచ్చేవారు."

పాలిష్ కొడదామన్నాడు మావాడు. వద్దురా, ఆ మరకలే వాటి వయసు. పొడిగుడ్డతో తుడుస్తుంటే కనబడింది, ఎడమచేతిది మరీ అరిగిపోయింది. జాబ్ పంచ్‌లన్నీ దాంతోనే విసిరారేమో.