పోయే నీళ్ల దారి

ఇంటికి నీళ్లు వచ్చే దారి మీదున్న శ్రద్ధ, అవి పోయే దారి మీద మనకు ఉండదు. కుళాయి సన్నగా వస్తే వెంటనే ట్యాంకెక్కి చూస్తాం. వంటింటి వేస్ట్ పైపు మాత్రం కారేదాకా గుర్తుకు రాదు. కారాక కూడా ముందు ఎంసీల్ ముద్ద, దానిమీద సైకిల్ ట్యూబు ముక్క, ఆపైన బైండింగ్ వైరు. అలాంటి కట్లు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. పైపు ఎందుకు పగిలిందో తెలుసుకోవడంతోనే సగం మరమ్మతు అయిపోతుందని నా నమ్మకం.

విజయవాడలో మా వంటిల్లు పై వాటాలో, పడమటి వైపు ఉంది. సింకు నీళ్లు గోడ దాటి బయటికొచ్చి, రెండంగుళాల పీవీసీ పైపులో కిందికి దిగుతాయి. కింది వాటా ఆవిడ ఒకరోజు అమ్మ దగ్గరికొచ్చి, "పిన్నిగారూ, మా గోడ చెమ్మెక్కుతోందండీ" అంది. చుక్క రాలే చోటే పగులు ఉంటుందని లేదు. నీరు పైపు అడుగునే పాకుతూ పోయి ఎక్కడో రాలుతుంది. అందుకని పైపంతా పొడిగుడ్డతో తుడిచి, జాయింట్ల దగ్గర పాత న్యూస్‌పేపరు చుట్టి, సింకులో చెంబుతో నీళ్లు పోశాను. ఎల్బో దగ్గర కాగితం ముందు తడిసింది. విప్పి చూస్తే వెంట్రుకంత చీలిక. దాని అంచుల్లో జిడ్డు నల్లగా పేరుకుంది. చుట్టూ ప్లాస్టిక్కు వెలిసిపోయి పెళుసెక్కింది.

ఎండ పీవీసీని ఏళ్ల తరబడి పైపొర నుంచీ పెళుసు చేస్తుంది. వేడికి పైపు సాగుతుంది కూడా. మూడు మీటర్ల పైపు తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ మధ్య ముప్పై డిగ్రీల తేడాకు ఐదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది. క్లాంపులు బిగించేసి దానికి కదిలే చోటు లేకుండా చేస్తే, ఆ ఒత్తిడంతా ఎల్బో మీద పడుతుంది. వీటికి తోడు గంజి. పీవీసీ ఎనభై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పొయ్యి మీంచి దించీ దించగానే వార్చే గంజి అంతకన్నా వేడి. వెనకటి రోజుల్లో ఆ గంజి కుడితిలో కలిసి పశువులకు పోయేది. ఇప్పుడు తిన్నగా సింకులోకి పోతోంది.

పగిలిన ఎల్బోను, దాన్ని అంటుకుని పెళుసెక్కిన పైపునూ హ్యాక్సా బ్లేడుతో కోసి తీసేయాల్సిందే. కోత అడ్డంగా, తిన్నగా ఉండాలి. అంచున మిగిలిన పొట్టు తీసి, ఎమరీ పేపరుతో రుద్ది, తడి పూర్తిగా ఆరనివ్వాలి. క్లాంపులు వదులు చేస్తే పైపు కాస్త కదులుతుంది, కొత్త ముక్కను అప్పుడే ఇమడ్చాలి. పీవీసీని అతికించే సొల్యూషన్ పూయకముందే అన్నీ ఒకసారి పేర్చి చూసి, ఎంత లోతుకు దూరాలో పెన్సిలుతో గీసుకుంటే తొందరలో తడబాటు ఉండదు.

సొల్యూషన్ జిగురులాగా పైపైన అంటుకుని ఊరుకోదు. పీవీసీ పైపొరను కరిగిస్తుంది. పైపు పొర, సాకెట్ పొర కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ద్రావకం ఆవిరయ్యాక రెండూ ఒకే ముక్కవుతాయి. తడి మీద, జిడ్డు మీద అది పట్టకపోవడానికి కారణం ఇదే. సాకెట్ లోపల పల్చగా, పైపు మీద నిండుగా పూసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికి నొక్కి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఆ ద్రావకం ఆవిరికి నిప్పంటుకునే గుణముంది. దగ్గర్లో పొయ్యి వెలగకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. ఆ రోజుకు గిన్నెలు పెరట్లో తోముకుని, సింకును మర్నాటిదాకా వదిలేయడం మంచిది.

చేయి పెట్టాం కదా అని సింకు కింది వంపును మాత్రం తీసేయొద్దు. నీళ్లకు అడ్డమనుకుని దాన్ని పీకేసి తిన్నగా పైపు వేసేవాళ్లున్నారు. ఆ వంపులో నిలిచే నీరే కాలువ కంపును, బొద్దింకలను ఇంట్లోకి రానివ్వదు. అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లండు గడియారాల పనివాడు 1775లో పేటెంటు పొందిన మరుగుదొడ్డిలో ఉన్నదీ ఈ ఏర్పాటే. అడ్డంగా పోయే పైపుకు మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉంటే జిడ్డు తొందరగా పేరుకోదు.

మర్నాడు బకెట్టుడు నీళ్లు పోసి, జాయింటు అడుగున వేలితో తడిమి చూశాను. పొడిగా ఉంది. ఎండ సోకకుండా పైపుకు తెల్లరంగు వేయించాం. ఒక క్లాంపును కాస్త వదులుగా ఉంచాం, పైపు సాగడానికి వీలుగా. గంజిని గిన్నెలోకి వార్చి, చల్లారాక కరివేపాకు మొక్కకు పోయడానికి అమ్మ ఒప్పుకుంది. కింది వాటా గోడ ఆరాలంటే పై వాటా పొయ్యి దగ్గర అలవాటు మారాలి. అది కూడా మారితేనే పైపు బాగైనట్టు.