ఇరవై షిల్లింగుల కోసం ఒక పోరాటం

లండన్ నగరానికి వెళ్ళినవారు థేమ్స్ నది ఒడ్డున పార్లమెంటు భవనాన్ని తప్పక దర్శిస్తారు. ఆ సభ గౌరవాన్ని నిలబెట్టిన ఒక పెద్దమనిషి స్వగ్రామం అక్కడికి ఎంతో దూరంలో లేదు. మెరిల్బోన్ స్టేషనులో రైలెక్కి గ్రేట్ మిసెండెన్‌లో దిగి, చిల్టర్న్ కొండల నడుమ బీచ్ వృక్షాల నీడన సాగి మేము గ్రేట్ హాంప్డెన్ చేరుకున్నాము. అది చాలా చిన్న ఊరు. పాతకాలపు భవంతి ఒకటి, దాని చెంతనే చర్చి. జాన్ హాంప్డెన్ కథ అంతా ఈ రెంటి మధ్యనే ఇమిడి ఉన్నది.

తండ్రి మరణంతో ఆయన పసితనంలోనే ఈ ఎస్టేటుకు వారసుడయ్యాడు. తల్లి ఎలిజబెత్, ఆలివర్ క్రాంవెల్‌కు మేనత్త. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, లండన్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి, 1621లో ఆయన పార్లమెంటులో ప్రవేశించాడు. రాజు బలవంతపు రుణం కోరగా నిరాకరించి 1627లో నిర్బంధం పాలయ్యాడు. సహచరుడు సర్ జాన్ ఎలియట్ లండన్ టవర్‌లో బందీగా ఉన్న కాలంలో ఆయన కుమారుల బాగోగులు చూచినవాడు హాంప్డెనే.

1629 తరువాత 11 సంవత్సరాలు మొదటి చార్లెస్ పార్లమెంటును పిలువకుండానే పాలించాడు. ఖజానాకు ధనం కావాలి. ఆపత్కాలంలో నౌకల కోసం తీరప్రాంతాల నుండి వసూలుచేసే పన్నును 1635లో దేశమంతటికీ విస్తరింపజేశాడు. సముద్రపు గాలి కూడా సోకని ఈ బకింగ్‌హామ్‌షైర్‌కూ తాఖీదు వచ్చింది. స్టోక్ మాండెవిల్ గ్రామంలోని భూమిపై హాంప్డెన్ చెల్లించవలసినది కేవలం 20 షిల్లింగులు, అనగా ఒక్క పౌను. ఆయన సంపదకు అది లెక్కలోనిది కాదు. అయినను పార్లమెంటు సమ్మతి లేని పన్ను చెల్లనని నిలిచాడు. 1638లో 12 మంది న్యాయమూర్తులలో ఏడుగురు రాజు పక్షం వహించగా, ఐదుగురు హాంప్డెన్ పక్షాన నిలిచారు. వ్యాజ్యం ఓడినా ప్రజల మనసు గెలిచాడు. 1641లో పార్లమెంటు ఆ పన్నునే చట్టవిరుద్ధమని ప్రకటించింది.

1642 జనవరి 4న రాజు స్వయంగా సాయుధులతో సభకు వచ్చి పట్టుకొనదలచిన ఐదుగురు సభ్యులలో హాంప్డెన్ ఒకడు. ముందే కబురు తెలిసి వారు తప్పుకున్నారు. పిమ్మట అంతర్యుద్ధం చెలరేగింది. 1643 జూన్ 18న చాల్‌గ్రోవ్ పొలాలలో గాయపడి, ఆరు రోజులకు థేమ్ పట్టణంలో ఆయన కన్నుమూశాడు. తాను ఏ పక్షాన పోరాడాడో ఆ పక్షం విజయాన్ని ఆయన చూడనే లేదు.

చర్చి లోపల మమ్ములను ఎక్కువసేపు నిలిపివేసినది యుద్ధ చిహ్నం కాదు. 1634లో మరణించిన భార్య ఎలిజబెత్ కోసం ఆయన ఏర్పాటుచేసిన స్మారక ఫలకం. నౌకాపన్ను వ్యాజ్యమంతా ఆ దుఃఖం తరువాతి సంవత్సరాలలో నడిచినదే. చివరకు ఆయన కూడా ఈ చర్చిలోనే భూమిలో కలిశాడు.

చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ విధించరాదని మన రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతున్నది. మన జీతపు చీటీలో ఆదాయపు పన్ను కోత చూసి నిట్టూర్చడం మనకు అలవాటే. ఆ కోత వెనుక ఒక చట్టం, ఆ చట్టం వెనుక మనం ఎన్నుకున్న సభ ఉండి తీరాలన్న నియమం ఊరకే రాలేదు. దానికోసం ఎందరో పోరాడారు. వారిలో ఒకడు ఈ పల్లెవాసి.