కేస్ షీట్‌లో పట్టనిది

మా మెడిసిన్ యూనిట్‌లో హౌస్ సర్జన్లు కేస్ షీట్ కాక మరో నోట్‌బుక్ కూడా రాస్తారు. బీపీ, క్రియాటినిన్, మందుల మోతాదులు అందులో ఉండకూడదు. కేస్ షీట్‌లో చోటు లేనిది, అయినా రోగి గురించి తెలిశాక మనసులోంచి పోనిది రాయాలి. అదీ తెలుగులో. రోగి పేరు, ఊరు రాయరాదు. ఈ పద్ధతిని కొలంబియా విశ్వవిద్యాలయంలో రీటా షారన్ 1993లో మొదలుపెట్టారు. ఆమె వైద్యురాలు, సాహిత్యంలో డాక్టరేట్ చేశారు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంత రోగుల దగ్గర దీని విలువ నాకు బాగా తెలిసింది. అక్కడ కిడ్నీ జబ్బు అంతగా ఎందుకుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద. ఒక పెద్దాయన మధ్యమధ్యలో మానేసి, ఒళ్లంతా నీరుపట్టి, ఆయాసంతో మా దగ్గరికి వచ్చేవాడు. డయాలసిస్‌కు సరిగా వెళ్లడం లేదని ప్రతిసారీ కేస్ షీట్‌లో రాసేవాళ్లం. ఒక హౌస్ సర్జన్ అమ్మాయి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. "ఎందుకు మానేస్తున్నావు తాతా?" అని అడిగి ఊరుకుంది. అప్పుడు తెలిసింది, ఆయనకు తోడు రావాల్సింది కూతురని. ఆమె పలాసలో జీడిపప్పు పనికి వెళ్తుంది. తండ్రితో వచ్చిన రోజు కూలి పోతుంది. అందుకని, "నాకేటీ నేదు, నువ్వు పన్లోకెల్లు" అని తనే పంపేసేవాడు. ఆ హౌస్ సర్జన్ నోట్‌బుక్‌లో ఇది రాసిన పేజీ చదివాక డయాలసిస్ సెంటర్ వాళ్లతో మాట్లాడి, కూతురు పని దిగాక వచ్చేలా షిఫ్టు మార్పించాం. మందు ఒక్కటీ మార్చలేదు.

ప్రతి బ్యాచ్ చేతా టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' నవలిక కూడా చదివిస్తాను. అందులో డాక్టరు జబ్బు కిడ్నీదా, పేగుదా అని తర్కిస్తాడు. ఇవాన్ అడిగేది తన జబ్బు ప్రమాదమా కాదా అని. దానికి జవాబు రాదు. అతని కాళ్లను తన భుజాల మీద పెట్టుకుని రాత్రుళ్లు కూర్చునేది పనివాడు గెరాసిమ్. కాబోయే వైద్యులుగా తాము ఆ గదిలో ఎవరి పక్కన నిలబడతామన్నదాని మీద మా పిల్లలు గంటలకొద్దీ వాదించుకుంటారు.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నీతి, సంభాషణ పాఠాలు వచ్చాయి. చాలా సంతోషం. అయితే అవి లెక్చర్ హాల్లో ఆగిపోకూడదు, మంచం పక్కకు రావాలి. నోట్‌బుక్‌కు మార్కులు వేద్దామని తోటి అధ్యాపకులు కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. మార్కులుంటే పిల్లలు రోగిని వదిలి నన్ను మెప్పించడానికి రాస్తారు.