పిన్నులకు తాళం

వార్షికోత్సవ సంచికకు నా చదువులో ఎదురైన అనుభవం ఒకటి రాయమన్నారు. గొప్పలు చెప్పడం కంటే, నేను చేసిన ఒక తప్పు చెబితే మీకు ఎక్కువ పనికొస్తుందనిపించింది.

2004లో బీటెక్ చివరి సంవత్సరం. నలుగురం కలిసి ట్రాఫిక్ సిగ్నల్ కంట్రోలర్ ప్రాజెక్టు తీసుకున్నాం. స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి తలా కొంత వేసుకుని కోఠి గుజరాతీ గల్లీలో ఎక్స్‌సీ9572 అనే చిప్పు కొన్నాం. ఇది సీపీఎల్‌డీ. లోపల ఏ సర్క్యూట్ ఉండాలో మనమే కంప్యూటర్‌లో రాసి ఎక్కించవచ్చు, చెరిపి మళ్ళీ ఎక్కించవచ్చు. లోపల 72 మాక్రోసెల్స్. మేం కొన్నదానికి బయట 44 పిన్నులు, మనం వాడుకోగలిగినవి 34.

మొదటిసారి కంపైల్ చేసినప్పుడు ఏ సిగ్నల్ ఏ పిన్నుకు రావాలో మేం చెప్పలేదు. సాఫ్ట్‌వేరే తనకు వీలైన చోట పెట్టింది. ఆ పట్టిక చూసి పీసీబీ చేయించాం. దీపాలు చక్కగా వెలిగాయి.

రివ్యూకు వారం ముందు గైడ్ సార్ "రోడ్డు దాటేవాళ్ళకు ఒక బటన్ కూడా పెట్టండి" అన్నారు. నాలుగు లైన్లు మార్చి, మళ్ళీ కంపైల్ చేసి చిప్పులోకి ఎక్కించాను. సిమ్యులేషన్‌లో అంతా సరిగ్గానే ఉంది. బోర్డు మీద మాత్రం ఎరుపు రావాల్సిన చోట పచ్చ వెలిగింది. చిప్పు మీద వేలు పెడితే చుర్రుమంది!

రాత్రంతా వైర్లు వెతికాం. తెల్లవారుజామున పాత పిన్ రిపోర్టు, కొత్తది పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమైంది. లాజిక్ మారగానే సాఫ్ట్‌వేర్ సిగ్నళ్ళను వేరే పిన్నులకు మార్చేసింది. సెన్సర్ నుంచి సిగ్నల్ లోపలికి రావాల్సిన పిన్ను, దీపం వెలిగించే ఔట్‌పుట్ అయిపోయింది. రెండు ఔట్‌పుట్లు ఒకదానికొకటి ఎదురుపడితే చిప్పు వేడెక్కక ఏం చేస్తుంది? బోర్డు మీద రాగి గీతలు మాత్రం పాత చోటే ఉన్నాయి.

అప్పుడు నాకు మన హాస్టలే గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో గదులు మార్చారు. ఆ సంగతి నేను ఇంటికి రాయలేదు. ఆదివారం నాన్న రొట్టెల మూటతో వచ్చి, ఎవరినీ అడగడానికి మొహమాటపడి, పాత గది గుమ్మం దగ్గరే పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. చివరి బస్సుకు ముందు పది నిమిషాలే మాట్లాడుకున్నాం. లోపల ఎవరు ఎక్కడికి మారినా, బయటి నుంచి వచ్చే మనిషికి తెలిసింది ఆ ఒక్క గుమ్మమే.

మందు సులువే. యూసీఎఫ్ అనే ఫైలులో ఒక్కో సిగ్నల్ పేరుకు ఎల్‌ఓసీ అని పిన్ నంబరు రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని కదపదు. పాత రిపోర్టు చూసి అన్నీ రాశాం. కొత్త బటన్‌ను ఖాళీ పిన్నుకు వైరుతో అతికించాం. చిప్పులో చోటు మిగిలి ఉంది కాబట్టి కొత్త లాజిక్ పట్టింది. నిండిపోయి ఉంటే బోర్డు మళ్ళీ చేయించాల్సి వచ్చేది. ఆ డబ్బు మా దగ్గర లేదు. అదృష్టం బాగుండి చిప్పు కూడా బతికింది, రివ్యూ గట్టెక్కింది.

ఈసీఈ చదవబోయే తమ్ముళ్ళూ! బోర్డు గీయకముందే డిజైన్ ఒకసారి కంపైల్ చేసి పిన్నులు లాక్ చేయండి. కొన్ని పిన్నులు, మాక్రోసెల్స్ ఖాళీగా ఉంచండి. కంపైల్ చేసిన ప్రతిసారీ పిన్ రిపోర్టు చదివాకే కరెంటు ఇవ్వండి. తర్వాత వచ్చిన వివాడోలో ఆ ఫైలు ఎక్స్‌డీసీ అయింది, సూత్రం మాత్రం అదే.

ఇంకొక్క మాట. మీ గది మారితే ఆ రోజే ఇంటికి కబురు చెయ్యండి.

– ఒక పాత విద్యార్థి