తొడుగు లేని చేతులు

మా ఇంటి జీవనాధారం వేళ్ళ మీద ఉంది. మా వారిది జర్దోజీ మగ్గం పని. సినిమాలలో రాజులు, నవాబులు ధరించే అంగరఖాల మీదా, పెళ్ళి దుస్తుల మీదా బంగారు తీగతో పువ్వులు కుడతారు. పదిహేడేళ్ళ మా పెద్దబ్బాయి రెండేళ్ళుగా తండ్రి పక్కనే చట్రం ముందు కూర్చుంటున్నాడు. పైచేయి ఆరీ సూదిని నడిపిస్తూ ఉంటే, గుడ్డ కింద ఉన్న చేయి చూడకుండానే దారం అందించాలి. ఏ ఒక్క వేలు మొరాయించినా పని ఆగిపోతుంది. అందుకే మా ఇంట్లో కత్తిపీట మగపిల్లల దగ్గరకు పోనివ్వం. ఇదెక్కడి న్యాయమని మా అమ్మాయి అడుగుతూనే ఉంటుంది.

అటువంటి ఇంటికి మొన్న చలికాలంలో మా మరిది చికాగో నుంచి ఒక బంతి తెచ్చాడు.

ఆరేళ్ళ తర్వాత వచ్చాడు. అక్కడ డెవాన్ వీధిలో ఒక బట్టల దుకాణంలో పని చేస్తున్నాడు. పిల్లలు మిఠాయిల కోసం పెట్టె చుట్టూ మూగితే అందులోంచి పంపరపనస కాయంత తెల్లని తోలుబంతి బయటికి వచ్చింది. చుట్టుకొలత 16 అంగుళాలు. క్రికెట్ బంతి దాదాపు 9 అంగుళాలు, మామూలు సాఫ్ట్‌బాల్ 12 అంగుళాలు ఉంటాయి. “చేతి తొడుగులు ఏవి చాచా?” అని చిన్నవాడు అడిగాడు. “ఈ ఆటకు తొడుగులు ఉండవు బేటా, వట్టి చేతులతోనే పట్టుకోవాలి” అన్నాడు.

ఆ రాత్రి భోజనాల తర్వాత దాని కథంతా చెప్పాడు. 1887లో, అమెరికా వారి కృతజ్ఞతా దినాన చికాగోలోని ఫరాగట్ బోట్ క్లబ్బులో కొందరు యువకులు హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ పోటీ ఫలితం తంతి ద్వారా రావడం కోసం ఎదురుచూస్తున్నారట. ఫలితం తెలిసిన సంబరంలో ఒకరు ముష్టియుద్ధపు తొడుగును విసిరితే మరొకరు కర్రతో కొట్టారట. అది చూసి జార్జి హాన్‌కాక్ అనే ఆయన ఆ తొడుగునే తాడుతో బిగించి బంతిగా చేశాడు. సాఫ్ట్‌బాల్ పుట్టింది అలాగే. 1930ల ఆర్థికమాంద్యంలో చికాగో పేదపేటలలో పెద్ద బంతి నిలదొక్కుకుంది. తొడుగులు కొనడానికి డబ్బు లేదు. బంతి పెద్దదైతే ఎంత కొట్టినా ఇరుకు స్థలం దాటిపోదు. ఆ నగరం ఆ పద్ధతిని ఎంతగా సొంతం చేసుకుందంటే, 1977లో ఉద్యానవనాల శాఖ తొడుగులను అనుమతించినప్పుడు మైక్ రాయ్‌కో అనే పత్రికా రచయిత ఏకంగా న్యాయస్థానానికి వెళ్ళాడు.

ఇరుకు స్థలం మాట వినగానే మా పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. మేముండేది ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే వాలులో. పైన స్టూడియోలు, జూబ్లీహిల్స్ భవంతులు, కింద మా సందులు. పిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడితే అది ఎవరి ప్రహరీ దాటుతుందో తెలియదు. కిందటేడు ఒక కారు అద్దం పగిలితే ఆ సొమ్ము రెండు వాయిదాలలో కట్టుకున్నాం.

ఇల్లు కట్టడానికి బండలు కొట్టి వదిలేసిన స్థలం ఒకటి ఉంది. ఆదివారం అసర్ నమాజు ముగించుకుని అందరం అక్కడికి చేరాం. పాత మగ్గం చట్రం నుంచి ఊడిన కర్రే బ్యాటు. కొత్త బంతి రాయిలా ఉంది. దెబ్బలు తినగా తినగా మెత్తబడుతుందని మరిది చెప్పాడు. మగపిల్లలు దాన్ని గాలిలోనే గుప్పిట పట్టబోయి జారవిడిచారు. మా అమ్మాయి మాత్రం రెండు చేతులూ చాచి, పసిబిడ్డను అందుకున్నట్టు పొట్టకు హత్తుకుంది. ఆడపిల్ల వీధిలో ఆడడమేమిటని పొరుగింటి పెద్దమ్మ గొణిగితే, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి మా అత్తగారే గుర్తుచేశారు. ఆ మాట అక్కడితో ముగిసింది.

మూడో ఆదివారం పెద్దబ్బాయి కుడిచేతి ఉంగరపు వేలికి బంతి ఎదురుగా తగిలింది. ఇంటికి వచ్చేసరికి కణుపు వాచి నీలమైంది. వైద్యుడు పక్కవేలితో కలిపి కట్టు కట్టి, మూడు వారాలు కదపవద్దన్నారు. అప్పటికే ఒప్పుకున్న పెళ్ళి దుస్తుల పనిని మా వారు రాత్రులు ఒంటరిగా కూర్చుని పూర్తిచేశారు. కోపగించుకోలేదు. అదే మాకు ఎక్కువ భయం వేసింది.

మరిది అన్న ఎదుట నిలబడలేకపోయాడు. “తప్పు నాదే భాయీజాన్. అక్కడ ఇది మామూలే, చూడండి” అంటూ తన చేయి చాపాడు. చిటికెన వేలు పై కణుపు దగ్గర పక్కకు వంగి, పూర్తిగా ముడుచుకోవడం లేదు. మా వారు ఆ వేలిని పట్టుకుని చాలాసేపు చూశారు. తమ్ముడు పందొమ్మిదో ఏట మగ్గం వదిలి వెళ్ళాడు. అప్పటి నుంచి చట్రానికి ఎడమవైపు చివరి చోటులో ఆయన ఇంకొకరిని కూర్చోబెట్టలేదు. స్థలం చాలదు, అటువైపు వెలుతురు లేదు అని ఏవో కారణాలు చెప్పేవారు. ఆ చోటు ఎవరి కోసమో మాకు ఆ రాత్రి తెలిసింది. మరిదికి కూడా తెలిసినట్టుంది. అన్నం సగంలోనే లేచి వెళ్ళి చేయి కడుక్కున్నాడు.

అతను వెళ్ళిపోయి నాలుగు నెలలైంది. అబ్బాయి వేలు దాదాపు నయమైంది. చలి ఉదయాలలో మాత్రం సూది పట్టేముందు కొంచెంసేపు రుద్దుకుంటాడు. బంతిని మేము బీరువా మీద దాచేశాం. పోయిన నెల మా అమ్మాయి అడిగితే మా వారే దించి ఇచ్చారు. పెద్దవాడు బంతి వేయవచ్చు గానీ పట్టుకోకూడదని షరతు పెట్టారు. వాడు ఎంతవరకు పాటిస్తున్నాడో మేము ఆరా తీయలేదు.

నిన్న ఒకచోట తోలు విచ్చుకుంది. ఆ బంతి కుట్లు పైకి కనబడవు, లోపలికి మడిచి కుట్టారు. మా వారు కళ్ళద్దాలు పెట్టుకుని, దీపం కింద దాన్ని తిప్పి తిప్పి చూశారు. “మంచి పనివాడు కుట్టాడు” అన్నారు. తర్వాత మైనం పట్టించిన దారం తీసుకుని, చట్రానికి ఎడమవైపు చివర కూర్చుని కుట్టడం మొదలుపెట్టారు.